పురుగు ఫొటోకి ఫ్రిజ్ అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

తొలకరి పడగానే పత్రికల్లో, వాట్సాప్ గ్రూపుల్లో పురుగుల క్లోజప్ ఫొటోలు ఊపందుకుంటాయి. సంతోషమే. వాటితోపాటు ఒక పాడు చిట్కా కూడా చేతులు మారుతోంది: పురుగును డబ్బాలో వేసి కాసేపు ఫ్రిజ్‌లో పెడితే కదలదు, తీరిగ్గా తీసుకోవచ్చని. పురుగు సంగతి అలా ఉంచి, ఫొటోకీ అది చేటే.

చల్లబడ్డ పురుగు కాళ్లు ముడుచుకుంటుంది, మీసాలు వాల్చేస్తుంది. బయటికి తీయగానే గాలిలోని తేమంతా దాని ఒంటి మీద చెమ్మగా పేరుకుంటుంది. దానికి ‘మంచు బిందువులు’ అని పేరు పెట్టి పోటీలకు పంపేవాళ్లున్నారు. నిజంగా మంచు కురిస్తే పురుగొక్కటే తడవదు. అది పట్టుకున్న గడ్డిపరక, పక్కనున్న సాలెగూడు కూడా సన్నటి చుక్కలతో నిండి ఉంటాయి. పొడి ఆకు మీద తడిసిన తూనీగ కనిపిస్తే అనుమానించాల్సిందే. కొన్ని సీతాకోకచిలుకలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో ఉన్నాయి. వాటి విషయంలో ఫ్రిజ్ దాకా పోనక్కర్లేదు, పట్టుకోవడమే నేరం.

ఫ్రిజ్ చేసే పనిని తెల్లవారుజాము ఊరికే చేసిపెడుతుంది. రాత్రంతా చల్లబడ్డ తూనీగ, రెక్కల కండరాలు వేడెక్కేదాకా ఎగరలేదు. సూర్యోదయానికి కాస్త ముందు నుంచి, ఎండ గడ్డి మీదికి దిగేదాకా చెరువు గట్ల మీద వెతికితే వేలెడు దూరం నుంచి తీసినా కదలనివి దొరుకుతాయి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా దీనికి మంచి కాలం. నడివేసవిలో రాత్రుళ్లు కూడా వేడే కాబట్టి ఈ వెసులుబాటు ఉండదు.

ఖరీదైన లెన్సు లేనిదే ఈ సరదా కుదరదన్నది ఇంకో అపోహ. 50 మి.మీ. లెన్సు వెనక 50 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్సుకీ కెమెరాకీ మధ్య పెట్టే, అద్దాల్లేని గొట్టాలు) బిగిస్తే 1:1 వస్తుంది, అంటే పురుగు ఎంతుందో సెన్సర్ మీద అంతే పడుతుంది. కొనేటప్పుడు కాంటాక్టులు (లెన్సునీ కెమెరానీ కలిపే లోహపు చుక్కలు) ఉన్న ట్యూబులే కొనాలి. ఖాళీ గొట్టాలు చవకే గానీ, వాటితో అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం) కెమెరా మాట వినదు: కానన్ ఈఎఫ్ లెన్సయితే పూర్తిగా తెరుచుకునే ఉంటుంది, నికాన్ జి రకమైతే మూసుకుపోయి వ్యూఫైండర్ చీకటైపోతుంది. కెమెరాతోపాటు వచ్చే 18-55 కిట్ లెన్సును 18 దగ్గర ఉంచి ట్యూబులన్నీ బిగించి, ఫోకస్ కావట్లేదని లెన్సును తిట్టుకునేవారు చాలామంది. అక్కడ ఫోకస్ పడే చోటు అద్దానికి లోపలే ఉంటుంది. 55కి తిప్పితే సరి.

ఫోనుకి 10ఎక్స్ క్లిప్ లెన్సు చాలు. అది సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలోనే స్పష్టంగా చూస్తుంది. ఫోను కవరు తీసేసి మెయిన్ కెమెరాకి నడిమధ్యగా బిగించాలి, లేకుంటే ఓ పక్కంతా మసకే. దగ్గరికెళ్లగానే ఫోను దానంతటదే వేరే కెమెరాకి మారిపోతుంటే సెట్టింగుల్లో ఆటో మాక్రో ఆపేయాలి.

అసలు చిక్కంతా వెలుతురుతోనే. 1:1 దగ్గర ఎఫ్ 8 (ఈ అంకె పెరిగేకొద్దీ అపర్చర్ చిన్నదవుతుంది) పెట్టినా ఫోకస్‌లో ఉండే మందం మిల్లీమీటరుకి మించదు. ఈగ కన్ను బాగా వస్తే దాని రెక్క కొస మసకబారుతుంది. పోనీ ఎఫ్ 22కి మూద్దామా అంటే, 1:1 దగ్గర అది ఎఫ్ 44తో సమానం. డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలోంచి వచ్చే వెలుగు చెదిరిపోవడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్ 8 నుంచి 11 మధ్య ఆగిపోవడం మేలు. అంతగా మూశాక నీడలో వెలుతురు చాలదు కాబట్టి ఫ్లాష్ తప్పదు. మాన్యువల్ మోడ్‌లో షట్టర్ 1/200, ఎఫ్ 11, ఐఎస్‌ఓ 200, ఫ్లాష్ 1/16 పవర్‌తో మొదలుపెట్టి సర్దుకోవచ్చు. ఫ్లాష్ పవర్ తగ్గేకొద్దీ మెరుపు నిడివి కూడా తగ్గుతుంది, చెయ్యి వణికినా తెలియదు. ఉత్త ఫ్లాష్ కొడితే మాత్రం పెంకుపురుగు వీపు మీద తెల్లటి మచ్చ పడి రంగంతా పోతుంది. టీవీ ప్యాకింగులో వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ షీటును ఫ్లాష్ నుంచి లెన్సు అంచు దాకా గొడుగులా వంచి కడితే ఆ మచ్చ మెత్తటి మెరుపుగా మారుతుంది. షీటు పురుగుకి ఎంత దగ్గరైతే వెలుగు అంత మెత్తన. ఎల్‌ఈడీ రింగ్ లైట్లు మాత్రం వద్దు, కంటిలో ఆ రింగే కనబడుతుంది.

ఆటోఫోకస్ ఆపేసి, కెమెరానే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతూ కన్ను పదునెక్కిన క్షణంలో నొక్కాలి. కొమ్మ గాలికి ఊగుతుంటే వెదురు పుల్లను నేలలో గుచ్చి, దానికి బట్టల క్లిప్పు కట్టి, పురుగుకి బాగా కిందుగా కాడను పట్టించాలి.

ఆరుద్ర పురుగు ఫొటో చాలామందికి ఎర్రటి ముద్దలా వస్తుంది. నల్లటి తడి నేలను చూసి కెమెరా ఎక్కువ వెలుతురు తీసుకోవడమే కారణం. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా (అంటే వెలుతురు సగం దాకా) తగ్గిస్తే మఖమల్ నూగు విడివిడిగా కనిపిస్తుంది. (దానికి ఎనిమిది కాళ్లు, లెక్కకి కీటకం కాదు.) కరివేపాకు మీది పచ్చటి గొంగళిని పుల్లతో పొడిచి, తల వెనక ఎర్ర కొమ్ములు బయటికి వచ్చాక తీసేవారూ ఉన్నారు. అది బెదిరినప్పుడు ఘాటు వాసనతో చేసే ఎదురుదాడి. మామూలుగా ఆకు తింటున్నప్పటి ఫొటో దానికన్నా అరుదుగా కనిపిస్తుంది, మరి.

పత్రికకు ఒక మనవి. పాఠకుల ఫొటోలు వేసేటప్పుడు ఊరు, తేదీ, ఏ మొక్క మీద తీశారో కూడా అడిగి అచ్చువేయండి. గొంగళిపురుగుల్లో చాలావాటికి కొన్ని మొక్కలే తిండి. జిల్లేడు మీద ఉందో నిమ్మ మీద ఉందో తెలిస్తే గుర్తించే పని సగం అయిపోతుంది. పోటీలు పెట్టేవారు ఎడిట్ చేయని అసలు ఫైలుతోపాటు దానికి ముందూ వెనకా తీసిన ఫ్రేములు కూడా పంపమనాలి. పొలం గట్టున తీసినవాళ్ల దగ్గర ఫోకస్ తప్పినవి బోలెడుంటాయి, పంపడానికి వాళ్లకేం ఇబ్బంది ఉండదు.

ఇట్లు,
ఒక పాఠకుడు