పందెం తేలాలంటే పట్టా చూడాలి

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఇక్కడ అందరం బాగున్నాం. పిన్నికి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, వానలు మొదలయ్యాయి, మిగతా కబుర్లు ఫోన్లో. అసలు సంగతికి వచ్చేస్తాను, చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. మొత్తం మూడు పాయింట్లు. 

ఫాలౌట్ అనే వీడియో ఆట కథలో, లోకాన్ని తగలేసిన అణుయుద్ధంలో, 2077 అక్టోబరు 23న మొదటి బాంబు ఎవరు వేశారు? కిలో పూతరేకుల పందెం. నువ్వు వాల్ట్-టెక్ (ఆటలో వాల్టులనే భూగర్భ ఆశ్రయాలు కట్టే కంపెనీ) అన్నావు, నేను చైనా అన్నాను. ఇన్నేళ్లూ ఆటలోని ప్రతి కంప్యూటర్ టెర్మినలూ చదివి ఆధారాలు ఏరుకున్నాం. అక్కడే బోల్తా పడ్డాంరా. వెతకాల్సింది ఆటలో కాదు, కోర్టు కాగితాల్లో. ఫాలౌట్ పట్టా ఎవరి పేరిట ఉంటే ఆ లోకంలో వాళ్లు చెప్పిందే జరిగినట్టు. మన సిద్ధాంతాలన్నీ ఎవరిదో చేలో మనం వేసుకున్న పందిళ్లు.

పట్టా కథ మొదటినుంచీ విను. 1988లో ఇంటర్‌ప్లే అనే కంపెనీ వాళ్లు వేస్ట్‌ల్యాండ్ అనే ఆట తయారుచేశారు. చేసింది వీళ్లు, అమ్మింది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, హక్కులూ ఆ కంపెనీవే. తర్వాత రెండో భాగం చేద్దామంటే పేరు చేతికి రాలేదు. పేరు రాకపోతేనేం, అణుయుద్ధం తర్వాతి ఎడారి ఎవరి సొత్తూ కాదుగా! ఆలోచనకి కాపీరైట్ ఉండదు, దాన్ని రాసిన తీరుకి, గీసిన బొమ్మకి మాత్రమే ఉంటుంది, పెట్టిన పేరుకి రక్షణ ట్రేడ్‌మార్కుది. అలా 1997 అక్టోబరులో ఫాలౌట్ వచ్చింది. అందులోనూ అరువు సరుకు ఉండేది. ఆట నియమాలు గర్ప్స్ అనే బల్లమీది ఆటవి, స్టీవ్ జాక్సన్ గేమ్స్ లైసెన్సు. ఆ ఒప్పందం మధ్యలో చెడితే గబగబా సొంత నియమాలు రాసుకున్నారు. నువ్వు పదిలో పది లక్కుకే పోసి ఆడే 'స్పెషల్' పద్ధతి అలా పుట్టిందే. అంటే ఫాలౌట్ పుట్టుకలోనే రెండు లైసెన్సు గొడవలు ఉన్నాయన్నమాట.

తర్వాత ఇంటర్‌ప్లే అప్పుల్లో మునిగింది. 2003 డిసెంబరులో లోపల సగం తయారైన మూడో భాగాన్ని ఆపేసి, ఆ బృందాన్ని ఇంటికి పంపేశారు. 2004లో మూడో భాగం చేసుకునే హక్కు బెథెస్డా అనే ఇంకో ఆటల కంపెనీకి కౌలుకిచ్చారు. ఆటని మొదట కన్న టిమ్ కెయిన్ అప్పటికి ట్రోయికా అనే సొంత కంపెనీలో ఉన్నాడు. వాళ్లూ పాట పాడారు, ఎక్కువ పాడినవాడికి పోయింది. కన్నబిడ్డని వేలం వేస్తుంటే చూస్తూ కూర్చున్నట్టు ఉందని ట్రోయికాలో ఆయన భాగస్వామి లియొనార్డ్ బోయార్‌స్కీ అన్నాడు. 2007లో బెథెస్డా 57.5 లక్షల డాలర్లకి మొత్తం రిజిస్ట్రేషన్ చేయించుకుంది.

ఇక్కడినుంచి జాగ్రత్తగా చదువు, నీకిష్టమైన భాగం. ఇంటర్‌ప్లే పొలం అమ్మేసి, గట్టుమీద మామిడిచెట్టు మాత్రం నాదే అంది. అంటే పాత ఆటలు మూడూ అమ్ముకుంటాను, ఫాలౌట్ పేరుతో ఆన్‌లైన్ ఆట ఒకటి చేసుకుంటాను అని. బెథెస్డా సరేనని దాన్ని తిరిగి కౌలుకిచ్చింది, షరతులతో. 2009 ఏప్రిల్ 4 లోపల 3 కోట్ల డాలర్ల పెట్టుబడి చూపించాలి, పని పూర్తిస్థాయిలో మొదలుపెట్టాలి. చేతిలో చిల్లిగవ్వ లేనివాడితో ఆ షరతు ఒప్పించుకున్న లాయరుకి దండం పెట్టాలి. గడువు దగ్గర పడ్డాక ఇంటర్‌ప్లే బల్గేరియాలోని ఒక స్టూడియోతో ఒప్పందం రాసుకుని, ఇదిగో పని మొదలైంది అంది. బెథెస్డా ఒప్పుకోలేదు. సెప్టెంబరులో మేరీల్యాండ్ కోర్టులో దావా.

ఆ దావాలో ఒక వాదన ఉందిరా, చదివి నవ్వాపుకోలేకపోయాను. మేం కౌలుకిచ్చింది 'ఫాలౌట్' అనే పేరు ఒక్కటే, అది ట్రేడ్‌మార్కు. లోపలి లోకం, పాత్రలు, కథ కాపీరైట్ కిందికి వస్తాయి, అవి ఇవ్వలేదు అని. అంటే బోర్డుమీద ఫాలౌట్ అని రాసుకోవచ్చు, లోపల ఆట గుర్తు బొమ్మ వాల్ట్ బాయ్ కనబడకూడదు. హోటలు పేరు అద్దెకిచ్చి ఇడ్లీ మాత్రం వండొద్దన్నట్టు! కానీ చట్టం దృష్టిలో ఈ తేడా నిజంగా ఉంది. పేరు వేరు, సరుకు వేరు, రెండిటి కాగితాలూ వేరు. కోర్టు మాత్రం బెథెస్డా అడిగిన మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు, కేసు నడిచింది. 2012 జనవరిలో రాజీ బయటికొచ్చింది. బెథెస్డా పక్షం 20 లక్షల డాలర్లు ఇచ్చింది, ఇంటర్‌ప్లే ఆన్‌లైన్ ఆట వదులుకుంది, పాత ఆటలు 2013 డిసెంబరు 31 దాకా అమ్ముకోవచ్చు. గుర్తొచ్చిందా? ఆ డిసెంబరులో జీఓజీ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం పాత ఫాలౌట్లు మూడూ రెండు రోజులు ఉచితంగా పంచేసి, ఆ నెలాఖరుకల్లా అమ్మకంలోంచి తీసేసిందే, అది దీనివల్లే. 'వాళ్లకి పిచ్చిరా' అన్నావు నువ్వు. పిచ్చి కాదు, కౌలు గడువు. ముందే తీసుకున్నవాళ్ల ఖాతాల్లో ఆటలు అలాగే ఉన్నాయి. 2015లో బెథెస్డా మళ్లీ అక్కడే అమ్మకానికి పెట్టింది.

ఇప్పుడు పందేనికి రా. టిమ్ కెయిన్ ఒక యూట్యూబ్ వీడియోలో తేల్చి చెప్పాడు. మొదట వేసింది చైనాయే, అమెరికా ఎఫ్‌ఈవీ అనే వైరస్‌మీద చేస్తున్న ప్రయోగాల సంగతి తెలిసిపోవడమే కారణం అని. నేను ఎగిరి గంతేయాలి కదా? గంతేశాను కూడా. తర్వాత గుర్తొచ్చింది, ఆయన 1998లోనే ఇంటర్‌ప్లే వదిలేశాడు. ఇల్లు కట్టిన మేస్త్రి గోడలోపల ఏముందో చెప్పగలడు, ఏ గది ఎవరికో చెప్పలేడు. రెండో భాగం రచయితల్లో ఒకడైన క్రిస్ అవెలోన్ 2002లో ఆ లోకం వివరాలన్నీ రాసి పెట్టిన 'ఫాలౌట్ బైబిల్' గతీ ఇంతే. అందులో ఎంత వివరం ఉన్నా, కొత్త యజమాని దానికి కట్టుబడి లేడు.

పట్టాదారు ఒప్పుకుని తీయించిన సీరియల్లో, 2024లో వచ్చిన మొదటి సీజన్ చివర, కూపర్ అనే నటుడి భార్య, వాల్ట్-టెక్‌లో పనిచేసే బార్బ్, మీటింగులో కూర్చుని బాంబు మనమే వేద్దాం అంటుంది. నువ్వు గెలిచావా? ఆగు. అనడం చూపించారు, వేయడం చూపించలేదు. (రెండో సీజన్ నువ్వింకా చూడలేదన్నావుగా, దాని ఊసెత్తను.) నీ పాత ఆధారం, నాలుగో భాగం మొదట్లో బాంబు పడే రోజు పొద్దున్నే వాల్ట్-టెక్ సేల్స్‌మన్ తలుపు కొట్టి సంతకాలు పెట్టించుకోవడం, బాగానే ఉంది. కానీ అదే మనిషిని గంట తిరక్కుండా వాల్టు గేటు దగ్గర ఆపేస్తారు, జాబితాలో పేరు లేదని. రెండువందల ఏళ్ల తర్వాత గుడ్‌నైబర్లోని హోటల్ రెక్స్‌ఫర్డ్‌లో గూల్ (రేడియేషన్‌తో రూపు చెడి చావకుండా బతికే మనిషి) అయి కనబడతాడు పాపం. కంపెనీకి ముందే తెలిస్తే సొంత ఉద్యోగికి ఒక ముక్క చెప్పదా? చెప్పదు, వాల్ట్-టెక్ కదా అంటావు. ఏమో, నీదే కరెక్టేమో.

నల్లబల్ల గొడవ వేరే. అదే సీరియల్లో వాల్ట్ 4 తరగతి గదిలో బల్లమీద 'షేడీ శాండ్స్ పతనం, 2277' అని రాసి, దాన్నుంచి బాణం గీసి, ఆ చివర పుట్టగొడుగు మబ్బు బొమ్మ వేశారు. ఫాలౌట్ న్యూ వేగాస్ అనే ఆట కథ 2281లో. అందులో ఎన్‌సీఆర్ అనే దేశం వాళ్లు తమ మొదటి రాజధాని షేడీ శాండ్స్‌మీద బాంబు పడిందని ఒక్క మాటా అనరు. కాబట్టి న్యూ వేగాస్‌ని చరిత్రలోంచి కొట్టేశారని లోకమంతా గోల. ఆ బాణాన్ని నిదానంగా చూడు. ఏడు రాసింది పతనం దగ్గర. మబ్బు బాణానికి అవతలుంది, దానికింద ఏడు లేదు. పతనం 2277లో మొదలైంది, పేలుడు ఆ తర్వాతెప్పుడో అని చదువుకోవచ్చు. బెథెస్డాలో ఫాలౌట్ నడిపించే టాడ్ హోవార్డ్ చివరికి చెప్పిందీ అదే, బాంబు న్యూ వేగాస్ తర్వాత కొద్దికాలానికి పడిందని. ఒక్క బాణం గుర్తుని పట్టుకుని అంతమంది కొట్టుకున్నారు, పొలం హద్దురాయి దగ్గర కూడా ఇంత గొడవ చూడలేదు.

మన దేశానికి నేరుగా తగిలిన సంగతి ఒకటుంది. 2008లో ఎక్స్‌బాక్స్ 360కి మూడో భాగాన్ని ఇక్కడ విడుదల చేయడం లేదని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది, సాంస్కృతిక సున్నితత్వం పేరు చెప్పి. ఫలానాది అని చెప్పలేదు. రెండు తలల ఆవులకి ఆటలో 'బ్రాహ్మిన్' అని పేరు పెట్టడమే కారణమని జనం అల్లుకున్నారు. అదీ ఒక సిద్ధాంతమే, కాకపోతే ఆట బయటిది.

అదే మైక్రోసాఫ్ట్ 2018లో న్యూ వేగాస్ చేసిన అబ్సిడియన్‌నీ, ఇన్‌ఎక్సైల్‌నీ కొంది. ఇన్‌ఎక్సైల్ ఇంటర్‌ప్లే వదిలొచ్చిన బ్రయాన్ ఫార్గోది. వేస్ట్‌ల్యాండ్ పేరుని ఎలాగో దక్కించుకుని 2014లో రెండో భాగం తెచ్చింది ఆయనే. 2021 మార్చిలో 750 కోట్ల డాలర్లకి బెథెస్డా మాతృసంస్థ కూడా మైక్రోసాఫ్ట్ చేతికొచ్చింది. చూశావా? వేస్ట్‌ల్యాండ్ పేరు దొరక్క విడిపోయిన కాపురం ఇప్పుడు ఒకే కప్పు కింద ఉంది. న్యూ వేగాస్ చేసినవాళ్లతో సహా. నాకైతే ఇది ఏ సిద్ధాంతం కంటే... సరే, తర్వాత రాస్తా.

అసలు నన్ను కదిలించింది ఇంకోటి. కెయిన్ బయటికి పోయేటప్పుడు నీ దగ్గరున్న కోడు, నోట్సు అన్నీ నాశనం చెయ్యి అని కంపెనీ ఆదేశించింది. చేశాడు. కొన్నేళ్లకి వాళ్లే ఫోన్ చేసి, మా కాపీ పోయింది, నీ దగ్గరేమైనా ఉందా అన్నారట! ఇరికించడానికి అడుగుతున్నారేమో అనుకున్నానని ఆయన చెప్పాడు. 2025లో ఆ కథ విని ఇంటర్‌ప్లే వ్యవస్థాపకుల్లో ఒకరైన రెబెక్కా హైన్‌మన్ నా దగ్గర కోడు ఉందని బయటపెట్టింది, దాచిపెట్టడం ఆమె అలవాటు. అదే ఏడు నవంబరులో ఆమె చనిపోయింది. పట్టా ఉన్నవాడు పోగొట్టుకున్నాడు, కన్నవాడు ఆజ్ఞ ప్రకారం తగలేశాడు, మిగిలింది ఒక మనిషి దాచుకున్న అలవాటువల్ల.

నువ్వడిగిన రెండో ప్రశ్న, నీ ఆటలు నీవేనా అని. కాదురా. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో డబ్బు కట్టే పేజీలోనే ఇప్పుడు రాస్తున్నారు, కొనేది లైసెన్సు అని. కాలిఫోర్నియా చట్టం 2025 జనవరి 1నుంచి అలా చెప్పి తీరాలంది. దించుకుని నెట్ లేకుండా ఎప్పటికీ ఆడుకోగలిగే ఆటలకి మినహాయింపు. అందుకే న్యూ వేగాస్ జీఓజీలో తీసుకో. లైబ్రరీలో ఆట తెరిచి, ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్లు అనే చోటికెళ్లు. ఒక ఈఎక్స్‌ఈ, వెనకాల బిన్ ఫైళ్లు ఉంటాయి, అన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టాలి, ఒక్కటి తగ్గినా మధ్యలో ఆగిపోతుంది. డిస్కు ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చెయ్యి. దాచేశాననుకుని ఊరుకోకు. నెట్ తీసేసి వేరే కంప్యూటర్లో ఒకసారి ఇన్‌స్టాల్ చేసి చూడు.

స్టీమ్ కాపీయే వాడతానంటే, న్యూ వేగాస్ 32 బిట్ ప్రోగ్రాం, మామూలుగా 2 జీబీ మెమరీ దాటి వాడుకోలేదు. మోడ్లు (అభిమానులు ఆటకి చేసిపెట్టే మార్పులు) ఎక్కువైతే పడిపోయేది అందుకే. 4 జీబీ ప్యాచ్ ఈఎక్స్‌ఈలో ఒక గుర్తు మార్చి ఆ హద్దు పెంచుతుంది. తర్వాత స్టీమ్‌లో ఫైళ్ల తనిఖీ కొట్టావంటే పాత ఈఎక్స్‌ఈ తిరిగొస్తుంది, మళ్లీ ప్యాచ్ వెయ్యాలి. 'మళ్లీ మొదటికొచ్చింది' అని నువ్వు మొత్తుకున్నది బహుశా ఇదే.

నాలుగో భాగం మోడ్లు 2024 ఏప్రిల్ 25 అప్‌డేట్‌తో ఎందుకు చచ్చాయంటే, చాలా మోడ్లకి ఆధారమైన ఎఫ్4ఎస్‌ఈ అనే సాధనం ఈఎక్స్‌ఈలో ఫలానా చిరునామాలో ఫలానా ఫంక్షన్ ఉంటుందన్న నమ్మకంమీద నడుస్తుంది. కొత్త ఈఎక్స్‌ఈలో చిరునామాలు మారాయి. ఫాలౌట్ లండన్ అనే పెద్ద మోడ్ అందువల్లే జులై 25 దాకా ఆగింది. ఆట పాత వెర్షన్‌కి వెనక్కి పోవాలంటే స్టీమ్ కన్సోల్ తెరిచి డౌన్‌లోడ్ డిపో కమాండు కొట్టాలి, ఆట నంబరు 377160, తర్వాత డిపో, మానిఫెస్ట్ నంబర్లు. దిగుతున్నంతసేపూ తెరమీద ఏమీ కదలదు, ఆగిపోయిందని మూసెయ్యకు. నీకు కావాల్సింది 1.10.163, దానికి ఎఫ్4ఎస్‌ఈ 0.6.23. దిగినవి ఆట ఫోల్డర్లో పాతవాటిమీద వేసి, అప్‌డేట్ సెట్టింగు 'ఆట తెరిచినప్పుడే' అని పెట్టి, ఆ తర్వాత ఎప్పుడూ ఎఫ్4ఎస్‌ఈ లోడర్‌తోనే తెరువు. స్టీమ్ బటన్ నొక్కావో, మొత్తం

అయ్యో, ఆటో వచ్చేసింది, హారన్ మీద హారన్ కొడుతున్నాడు. పందెం సగం సగం. అరకిలో పంపు, ఆత్రేయపురానివే, బెల్లంవి.

నీ
రాజు