రై సెజాన్ మొదటి బ్యాచ్‌లో జరిగిన పొరపాటు, రెండవ బ్యాచ్ రుచి

రై అనే ధాన్యం కలిపి మేము కాచే సెజాన్ (బెల్జియం తరహా బీరు) సీసాలు మూత తీయగానే పొంగి సగం బీరు బల్లమీదికి పోతున్నదని గత కొద్ది రోజులుగా మీలో కొందరు చెబుతున్నారు. మేము దాచి ఉంచుకున్న సీసాలను కూడా తెరిచి చూశాము. మీరు చెప్పినది నిజం, తప్పు పూర్తిగా మాది.

జరిగినది ఇది. సెజాన్ పులియబెట్టడానికి మేము వాడే ఈస్ట్ డయాస్టాటికస్ అనే రకానికి చెందినది. మామూలు ఈస్ట్ తినలేక వదిలివేసే డెక్స్‌ట్రిన్‌లను (పొడవైన గొలుసుల చక్కెరలను) ఇది తన ఎంజైముతో చిన్న చక్కెరలుగా విడగొట్టి, వాటిని కూడా నెమ్మదిగా తినివేస్తుంది. బీరు సాంద్రత (నీటిది 1.000; చక్కెర తరిగేకొద్దీ బీరుది దిగుతుంది) మూడు రోజుల పాటు 1.005 దగ్గర కదలకుండా ఉండడంతో పులియడం పూర్తయిందని భావించి సీసాలకు ఎత్తాము. నిజానికి ఈస్ట్ అక్కడ కాసేపు ఆగింది, అంతే. సీసాలలో అది 1.002 వరకు దిగింది. సాంద్రత 0.001 తగ్గితే లీటరుకు సుమారు ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది కనుక, మేము అనుకున్న 6 గ్రాముల చోట దాదాపు 9 గ్రాములు చేరాయి. లేబుల్‌మీద 5.6 శాతం అని ఉన్న ఆల్కహాల్ కూడా ఇప్పుడు 6 శాతానికి దగ్గరగా ఉంటుంది. ఈ ఈస్ట్ స్వభావం తెలిసి కూడా తొందరపడ్డాము. అందుకు మిమ్మల్ని క్షమాపణ కోరుతున్నాము.

ఆ బ్యాచ్ సీసాలు మీ దగ్గర ఉంటే దయచేసి వెంటనే ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి. చల్లదనానికి ఈస్ట్ మందగిస్తుంది, లోపలి ఒత్తిడి కూడా తగ్గుతుంది. వెచ్చని చోట ఉన్న సీసాను ముఖానికి దగ్గరగా తేవద్దు. పట్టుకోవలసి వస్తే మందపాటి గుడ్డ చుట్టి పట్టుకోండి. తిరిగి తెచ్చినా, ఇప్పటికే పారబోశామని చెప్పినా, డబ్బు వాపసు చేస్తాము.

రెండవ బ్యాచ్‌ను ఈ వారం ట్యాంకు నుండి తీసి రుచి చూశాము. ఇందులో రై నాలుగో వంతు, మిగిలినది బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ). రై గింజకు పొట్టు ఉండదు. పైగా బీటా గ్లూకాన్‌లు, అరబినోజైలాన్‌లు అనే జిగురు పీచు పదార్థాలు అధికంగా ఉండడం వలన మాష్ (వేడి నీటిలో నానబెట్టిన గింజల నూక) బంకలాగా సాగి, వడపోత పళ్ళెం మీద మూసుకుపోతుంది. మొదటిసారి అలా మూసుకుపోయి, గరిటెతో కదుపుతూ గంటల తరబడి నిలబడ్డాము. ఈసారి పొట్టు లేని లోటు తీరేలా శుభ్రమైన వరి ఊక కలిపి, మాష్‌ను కొంతసేపు 45 డిగ్రీల దగ్గర నిలిపిన తరువాతనే వేడి పెంచాము. వడపోత సాఫీగా సాగింది. ఆ 45 డిగ్రీల విరామంతో మరొక ఫలితం కూడా కలిగింది: గింజలోని ఫెరులిక్ ఆమ్లం విడుదలయింది, దానిని ఈస్ట్ లవంగపు వాసనగా మార్చింది.

తులిప్ గ్లాసులో పోసినప్పుడు ఎండుగడ్డి రంగులో, పలుచని మబ్బు కమ్మినట్లు కనిపించింది. నురగ గ్లాసు అంచులకు అంటుకుని, తాగిన మేరకు వలయాలుగా మిగిలింది. 5 డిగ్రీల చల్లదనంలో దీని వాసన దాదాపు ఏమీ తెలియలేదు. పది నిమిషాలు బల్లమీద ఉంచి, 10 డిగ్రీలకు చేరిన తరువాత వాసన చూస్తే ముందు లవంగం, వెనుక మిరియం, ఆ తరువాత నారింజ తొక్క వచ్చాయి. రై ఉనికి వాసనలో కంటే నాలుక మీద ఎక్కువగా తెలుస్తుంది: నూనె రాసినట్టి నునుపు, దాని కింద మట్టి వాసన కలిసిన కొద్దిపాటి ఘాటు. సాధారణంగా ఇంత పొడిగా, అంటే తీపి మిగలకుండా, ముగిసే బీరు నీళ్ళలాగా పలుచగా అనిపిస్తుంది. రై జిగట వలన ఇది అలా అనిపించలేదు. బెల్జియంలోని వాలోనియా రైతులు చలికాలంలో కాచి ఎండాకాలపు పొలం పనులకు దాచుకున్న బీరుగా సెజాన్‌ను చెప్పుకుంటారు. దాహం తీర్చే ఆ గుణం ఇందులో ఉన్నదని నా నమ్మకం.

లోపం కూడా చెప్పాలి. లవంగపు వాసన నేను కోరుకున్న దానికంటే ఒక పాలు ఎక్కువగా ఉన్నది, గుటక చివర స్వల్పంగా వగరు తగులుతుంది. మొదటి బ్యాచ్ తాజాగా ఉన్నప్పటి గుండ్రటి తీపి నచ్చినవారికి ఇది కటువుగా అనిపించవచ్చు. నాకు మాత్రం ఇదే నచ్చింది. రైలో గ్లూటెన్ ఉంటుంది కనుక అది పడనివారు దయచేసి దీనిని తాగవద్దు.

సాంద్రత ఈసారి రెండు వారాలుగా 1.002 దగ్గర నిలిచి ఉన్నది. ట్యాంకు నుండి తీసిన ఒక నమూనాకు మరింత ఈస్ట్ కలిపి వెచ్చగా ఉంచాము. అది కూడా అంతకంటే దిగలేదు. అయినా సీసాలకు ఎత్తిన తరువాత ప్రతి పెట్టె నుండి రెండు సీసాలను వెచ్చని అరలో నెల రోజులు ఉంచి, తెరిచి చూసి, పొంగకపోతేనే మీకు అమ్ముతాము.