కెమెరా బిల్లులో కనబడని ఖర్చు

విశాఖపట్నం

అమ్మలూ,

సంక్రాంతికి ఇంటికొచ్చేలోగా 45 మెగాపిక్సెళ్ళ కెమెరా కొంటానన్నావు. ఫిల్మ్ రీళ్ళు కొనక్కర్లేదు, కడిగించక్కర్లేదు, రెండేళ్ళలో దాని డబ్బు అదే తీరిపోతుందని లెక్క వేశావు. ఆ లెక్కలో నీ ల్యాప్‌టాప్ లేదు తల్లీ.

రీలుకి ఖర్చు ముందే కట్టేస్తాం. 36 ఫ్రేములు, కడగడం, ప్రింట్లు, అంతే. డిజిటల్లో షట్టర్ నొక్కినప్పుడు పైసా కాదు. ఆ ఫైలును దాచుకున్నన్నాళ్ళూ అవుతుంది.

నువ్వు చూసిన కెమెరాలో ఒక్కో రా ఫైలు, అంటే సెన్సరు పట్టింది పట్టినట్టు దాచే ఫైలు, నాణ్యత పోకుండా కుదించినా, 50 ఎంబీకి అటూ ఇటూ ఉంటుంది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారి పడవలు చేపలు దించే వేళ 400 ఫ్రేములు ఇట్టే అయిపోతాయి. అవి 11 రీళ్ళ పైమాటే. చేతిలో రీలు కెమెరా ఉంటే రెండో రీలు దగ్గరే చెయ్యి ఆగుతుంది. డిజిటల్లో ఆ 400 ఫ్రేములంటే ఒక్క ఉదయానికి 20 జీబీ. నీ ల్యాప్‌టాప్ లోపలి డిస్కు, అదే 256 జీబీ ఎస్ఎస్‌డీలో విండోస్, సాఫ్ట్‌వేర్లు పోను 120 జీబీ మిగిలిందనుకున్నా ఆరు ఉదయాలకే నిండిపోతుంది.

ఎడిటింగ్‌కి తెరిచాక ఫైలు ఇంకా పెరుగుతుంది. 16 బిట్లలో విప్పితే 45 మిలియన్ల పిక్సెళ్ళు, మూడు రంగులు, రంగుకి రెండు బైట్లు, వెరసి 270 ఎంబీ. అదీ ఒక్క లేయరుకే, అంటే ఒక్క పొరకే. కైలాసగిరి మీంచి తీరమంతా వచ్చేలా ఆరు ఫ్రేములు కలిపి పనోరమా చేయబోతే నీ 8 జీబీ ర్యామ్ చతికిలబడుతుంది. ర్యామ్ చాలనప్పుడు సిస్టం ఎస్ఎస్‌డీని వాడుకుంటుంది. అదీ నిండి ఉంటే ‘స్క్రాచ్ డిస్క్ ఫుల్’, అంటే తాత్కాలికంగా వాడుకునే చోటు నిండిందని చెప్పి, పని మధ్యలో ఆగిపోతుంది. ఎస్ఎస్‌డీలో ఐదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి.

16 జీబీకి పెంచుకోవచ్చు కదా అంటావు. ముందు టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కు. ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసేశారన్నమాట, మార్చడానికి వీల్లేకపోవచ్చు. ‘ఎస్ఓడిమ్’ అని ఉంటే మార్చవచ్చు. ర్యామ్‌లోనూ తరాలున్నాయి, డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 ఎక్కదు, అది చూసుకుని కొనాలి.

అసలు దెబ్బ ఇక్కడ కాదు. కొత్త మోడల్ కెమెరా రా ఫైలుని పాత సాఫ్ట్‌వేర్ గుర్తించదు, కొత్త వెర్షన్ కావాలి. కొత్త వెర్షన్లు రానురాను పాత విండోస్ మీద ఎక్కవు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసరైనా ఉండాలి. నీది 7వ తరం. చూశావా, కెమెరా కొంటే ల్యాప్‌టాప్ కొనాల్సి వచ్చింది! దీనికి విరుగుడు ఉంది. అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్ ఉచితం, రా ఫైళ్ళను పాత సాఫ్ట్‌వేర్ చదవగలిగే డీఎన్‌జీ రకం ఫైళ్ళుగా మారుస్తుంది. లేదంటే విండోస్ బదులు లినక్స్ వేసి, రా ఫైళ్ళు దిద్దే డార్క్‌టేబుల్ వాడుకో, అదీ ఉచితమే. కొనే ముందు నీ కెమెరా మోడల్ అందులో పని చేస్తుందో లేదో మాత్రం చూసుకో.

దాచుకునే సంగతి. హార్డ్ డిస్క్ ఒక్కటే ఉంటే అది బ్యాకప్ కాదు. రెండు కొను, ఒకటి నీ దగ్గర హైదరాబాదులో, ఒకటి ఇక్కడ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరిని ఏం చేసిందో నీకు తెలుసు. ఒకే ఊళ్ళో, ఒకే ఇంట్లో రెండు కాపీలు పెట్టుకుంటే లాభం లేదు. కాపీ అవుతుండగా కరెంటు పోయి డిస్క్ ఆగితే ఫైళ్ళు పాడవుతాయి, అందుకని బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌తోనే ఎక్కించు. ఎస్ఎస్‌డీలో వేసి ఏళ్ళ తరబడి బీరువాలో పెట్టకు, కరెంటు తగలకపోతే అందులో డేటా మెల్లగా చెరిగిపోవచ్చు. ఇక్కడి తేమగాలికి లెన్సుకీ నెగటివ్‌కీ బూజు పడుతుంది. సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బా రెండిటికీ కావాలి.

రీలుకే తిరిగి వెళ్దామన్నా కంప్యూటర్ తప్పదు. 35 ఎంఎం ఫ్రేముని 4000 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 21 మెగాపిక్సెళ్ళు, 16 బిట్ల టిఫ్ ఫైలు అయితే 128 ఎంబీ. ఒక్క రీలు నాలుగున్నర జీబీ దాటుతుంది. కాకపోతే నెలకి రెండు రీళ్ళు తీసేవాళ్ళకి అది భారం కాదు.

నా మాట విను, 24 మెగాపిక్సెళ్ళది తీసుకో. 6000 బై 4000 పిక్సెళ్ళంటే 300 డీపీఐలో 20 అంగుళాల ప్రింటు వస్తుంది, 12 బై 18 ఆల్బమ్ పేజీకి అది చాలు. ఫైలు సగానికి తగ్గుతుంది. మిగిలిన డబ్బుతో ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ, రెండు హార్డ్ డిస్కులు, యూఎస్‌బీ 3 కార్డ్ రీడర్ తీసుకో. యూఎస్‌బీ 2 రీడర్‌లో 20 జీబీ దిగడానికి పది నిమిషాలు పడుతుంది. ఆదివారం ఆదివారం కూర్చుని పనికిరాని ఫ్రేములు తీసెయ్యి, అవి పోయాకే బ్యాకప్ చెయ్యి.

టాస్క్ మేనేజర్ మెమరీ పేజీ స్క్రీన్‌షాట్, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు నాకు పంపు. ఏ ర్యామ్ పడుతుందో చూసి చెప్తాను. కెమెరాకి అడ్వాన్సు అప్పటిదాకా కట్టకు.

మీ నాన్న