ఉపశమన సేవా విభాగం: వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. నయం కాని జబ్బుతో మంచం పట్టినవారిని హైదరాబాదులోని హాస్పిస్‌లోనూ (చివరి దశ రోగులను చూసుకునే కేంద్రం), వారి ఇళ్ళలోనూ పరామర్శించి, ఇంటివారికి తోడుగా ఉండడానికి మన సంఘం ఏర్పరచిన విభాగం ఈ ఏడాది చేసిన పనిని మీకు నివేదిస్తున్నాము. 1993లో కోళికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు ఆరంభించిన ఇటువంటి సేవ, ఇరుగుపొరుగువారే పూనుకోవడం వల్ల కేరళలో ఊరూరా వేళ్ళూనుకుంది. మేము నడుస్తున్నదీ ఆ బాటలోనే.

తొలినాళ్ళలో పండ్లు పట్టుకెళ్ళి, "తగ్గిపోతుందిలెండి" అని ధైర్యం చెప్పి వచ్చేవాళ్ళం. ఆ మాట వినగానే ఒక పెద్దాయన గోడవైపు తిరిగి పడుకున్నారు. తన సంగతి ఆయనకు తెలుసుననీ, దాని గురించి మాట్లాడుకోవడానికే మనిషి కోసం ఎదురుచూస్తున్నారనీ ఆయన భార్య తరువాత చెప్పారు. ఆనాటి నుంచి ఆ మాట అనకూడదని నియమం పెట్టుకున్నాము. చివరి వారంలో ఆయన కాఫీ అడిగారు, కానీ మింగే శక్తి లేదు. నర్సు చెప్పినట్టు చల్లార్చిన కాఫీలో దూది ముంచి భార్య ఆయన పెదవులకు అద్దుతుంటే, ఆయన కళ్ళు మూసుకుని చప్పరించారు. మా కార్యకర్త ఆ రోజు చేసినదల్లా ఆ గిన్నె పట్టుకోవడమే.

ఇళ్ళలో మాకు ఎక్కువగా ఎదురైనది తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మందు మీద భయం. అలవాటు పడిపోతారనీ, అది ఆఖరి మందనీ మాత్రలు దాచేసినవారున్నారు. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలే కనుక నొప్పి ముదిరేదాకా ఆగకుండా వేళకు వేయాలనీ, మలబద్ధకం కలుగుతుంది కనుక విరేచనపు మందు కూడా వాడాలనీ వైద్యులు చెప్పిన మాటలనే ఓపికగా గుర్తుచేశాము. మార్ఫిన్ సులువుగా అందేలా మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లోనే సవరించినా, ఇళ్ళలోని భయం పోవడానికి ఇలా పక్కన కూర్చుని చెప్పేవారు కావాలి.

అన్నిటికన్నా అక్కరకు వచ్చినది మాత్రం మేము ఊరకే కూర్చున్న రెండు గంటలు. వీపున పుండ్లు పడకుండా రోగిని దాదాపు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, ఆ పనిని రాత్రింబగళ్ళు ఒక్కరే మోస్తున్న ఇళ్ళే ఎక్కువ. మంచం దగ్గర మేముంటే ఆ ఇల్లాలు తలంటుకుని, ఒక కునుకు తీయగలుగుతుంది. పెద్దకర్మ ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాకే ఇల్లు బోసిపోతుంది కనుక, ఆ తరువాత కూడా వెళ్ళి వస్తున్నాము.

విరాళాలను గాలి పరుపులకు, చక్రాల కుర్చీలకు, ఆటో ఖర్చులకు వినియోగించాము. లెక్కలను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

మేము చూసే రోగులలో ఉర్దూ మాట్లాడేవారు చాలామంది. మా జట్టులో ఆ భాష ధారాళంగా వచ్చినది ఒక్కరికే. ఆయన రాలేని రోజున ఒక అమ్మ మా చేయి పట్టుకుని గంటసేపు ఏదో చెప్పుకున్నారు, సగం కూడా అర్థం కాకుండానే తిరిగి వచ్చాము. ఉర్దూ తెలిసిన సభ్యులు, వారానికి ఒక్క మధ్యాహ్నమైనా సరే, తమ పేరు నమోదు చేసుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

కార్యదర్శి, ఉపశమన సేవా విభాగం