ముద్ర లేని బొమ్మ పసినోటికి చేరకుండా చూడండి: కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను ముప్పై ఏళ్లకు పైగా కళాశాలలో రసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకురాలిని. ఇప్పుడు విజయవాడలో మా అమ్మాయి ఇంట్లో ఉంటూ, పది నెలల మనవరాలి ఆలనాపాలనా చూసుకుంటున్నాను. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) మీ శాఖ కింద పనిచేస్తున్నది కనుక, పిల్లల బొమ్మల్లో ఉంటున్న హానికర రసాయనాల గురించి మీకే రాయడం సబబని భావించాను.

రెండు నెలల క్రితం మా బంధువులొకరు తిరునాళ్లలో కొన్న మెత్తటి ప్లాస్టిక్ బాతుబొమ్మను పాపకు తెచ్చి ఇచ్చారు. సంచి విప్పగానే గదంతా ఘాటైన వాసన వచ్చింది. నేను లేచి అందుకునేలోపే పాప దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. తర్వాత బొమ్మను తిప్పి తిప్పి చూశాను. తయారు చేసిన వారి పేరు గానీ, ఊరు గానీ, ఐఎస్ఐ ముద్ర గానీ దానిమీద ఎక్కడా లేవు. తెచ్చినవారు ప్రేమతో తెచ్చారు, అమ్మినవారు పొట్టకూటికి అమ్మారు; ఆ ఇద్దరినీ తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఇలాంటి మెత్తటి బొమ్మలకు తరచూ వాడే పీవీసీ అనే ప్లాస్టిక్ స్వతహాగా గట్టి పదార్థం. మన ఇళ్లలోని నీటి గొట్టాలు దానితోనే తయారవుతాయి. అదే పదార్థం బాతుబొమ్మలా మెత్తబడాలంటే అందులో నూనెలాంటి ద్రవాలను కలపాలి. ఆ పనికి చాలాకాలంగా ఎక్కువగా వాడుతున్నవి థాలేట్లు. ఇవి ప్లాస్టిక్‌తో రసాయన బంధం ఏర్పరచుకోవు, దాని సందుల్లో ఊరికే ఇమిడి ఉంటాయి. అందువల్ల బిడ్డ చప్పరిస్తున్నంతసేపూ కొద్దికొద్దిగా చొంగలోకి దిగి కడుపులోకి పోతాయి. వీటిలో కొన్ని హార్మోన్ల పనికి అడ్డుపడతాయనీ, ముఖ్యంగా మగపిల్లల జననాంగాల ఎదుగుదలకు చేటు చేస్తాయనీ జంతువులపై జరిపిన ప్రయోగాలు చూపాయి. అందుకే ఐరోపా సమాఖ్య వీటిని 1999లో తాత్కాలికంగా, 2005లో శాశ్వతంగా బొమ్మల్లో నియంత్రించింది. అమెరికా 2008లో చట్టం చేసింది.

సీసం సంగతి ఇంతకంటే తీవ్రమైనది. చవకబారు పసుపు, నారింజ, ఎరుపు పెయింట్లకు ఆ మెరుపు తరచూ లెడ్ క్రోమేట్ లాంటి సీసపు రంగుల వల్లనే వస్తుంది. పెద్దవాళ్ల కంటే పసిపిల్లల శరీరం కడుపులోకి వెళ్లిన సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందనీ, ఇంత మోతాదు వరకు ప్రమాదం లేదని చెప్పగల హద్దే లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. శరీరం దాన్ని కాల్షియంగా పొరబడి ఎముకల్లో దాచుకుంటుంది. మెదడు రూపుదిద్దుకునే వయసులో చేరిన సీసం చదువును, ఏకాగ్రతను, నడవడికను దెబ్బతీస్తుంది. జ్వరంలా పైకి కనిపించదు కనుక ఏ తల్లికీ దాన్ని గుర్తించడం సాధ్యం కాదు. మన దేశంలో 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు (100 మిల్లీలీటర్లకు) 5 మైక్రోగ్రాములను మించి ఉందని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో అంచనా వేశాయి. ఆ సీసమంతా బొమ్మల నుంచి వచ్చిందని నేను అనను. పాత బ్యాటరీలను కరిగించే చోట్లు, కల్తీ పసుపు, కొన్ని రకాల వంటపాత్రలు, గోడల రంగులు ఇవన్నీ అందులో భాగమే. అయితే బిడ్డ చేతికి మనమే అందించే దారి బొమ్మ, దాన్ని మూయడం మిగతావాటి కంటే తేలిక కూడా.

మనకు చట్టం లేదనడం న్యాయం కాదు. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019లో ఢిల్లీ ప్రాంతపు మార్కెట్లో 121 రకాల బొమ్మలను కొని పరీక్షిస్తే దిగుమతైన వాటిలో దాదాపు 67 శాతం భద్రతా పరీక్షల్లో విఫలమయ్యాయి. ఆ తర్వాత ప్రభుత్వం 2020 ఫిబ్రవరిలో బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు తెచ్చి, 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ ముద్రను తప్పనిసరి చేసింది. బొమ్మల భద్రతకు చెందిన ఐఎస్ 9873 ప్రమాణంలోని మూడో భాగం బొమ్మ నుంచి బయటికి ఊరే సీసాన్ని కిలోకు 90 మిల్లీగ్రాములకు పరిమితం చేస్తూ, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ తదితరాలకు కూడా హద్దులు పెట్టింది. తొమ్మిదో భాగం థాలేట్లకు సంబంధించినది. 2023 జనవరిలో మీ అధికారులు పెద్ద మాల్స్‌లో, విమానాశ్రయాల దుకాణాల్లో సోదాలు జరిపి ముద్ర లేని బొమ్మలను వేల సంఖ్యలో స్వాధీనం చేసుకున్నప్పుడు నేను నిజంగా సంతోషించాను.

కానీ మంత్రి గారూ, మా పాప బాతుబొమ్మ మాల్‌లో కొన్నది కాదు. తిరునాళ్లలో, బస్టాండు అరుగు మీద, బడి ముందరి తోపుడు బండి మీద, సంతలో కుప్పపోసి అమ్మే బొమ్మలే ఈ దేశంలో ఎక్కువ మంది పిల్లల చేతికి చేరేవి. ముద్ర అసలైనదో నకిలీదో తెలుసుకోవడానికి బీఐఎస్ కేర్ యాప్ ఉంది, మంచిదే. అందులో లైసెన్సు నంబరు కొట్టి సరిచూసుకోవాలి; నంబరే లేని బొమ్మ గురించి ఏం సరిచూసుకోగలం? చిల్లర అమ్మకందారు మీద కేసు పెడితే ఒక కుటుంబం రోడ్డున పడుతుంది, బొమ్మ మాత్రం మరో బండి మీదికి చేరుతుంది. అందువల్ల ఆ సరుకు దిగే టోకు అంగళ్ల నుంచి ప్రతి మూడు నెలలకూ నమూనాలు తీసి, రంగునూ ప్లాస్టిక్‌నూ పరీక్షించి, ఫలితాలను ఫొటోలతో సహా ప్రాంతీయ భాషల్లో ప్రకటించాలని కోరుతున్నాను. ఈ బొమ్మలో ఇంత సీసం ఉందని తెలుగులో చదివిన తల్లి దాన్ని కొనదు, టోకు వ్యాపారి తెప్పించడు.

మా ప్రాంతానికి చెందిన మరో సంగతి ఉంది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులకు, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకు ఈ ఉత్తర్వు నుంచి మినహాయింపు ఇచ్చారు. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలు చేసేవారి బతుకుతెరువు నిలబడాలంటే అది అవసరమే. చిన్న కుటుంబం లైసెన్సు రుసుములు, పరీక్షల ఖర్చు భరించలేదు. అయితే మినహాయింపు ఇచ్చి ఊరుకుంటే రంగు డబ్బాలో ఏముందో ఆ కళాకారుడికీ తెలియదు. తెల్లపొణికి చెక్కను చెక్కి, చింతగింజల ముద్దతో అతికించి తీర్చే కొండపల్లి బొమ్మకు ఇప్పుడు ఎనామిల్ పెయింట్లు కూడా వాడుతున్నారు. ఆ రంగు పీల్చేదీ, చేతులకు అంటించుకునేదీ ముందు ఆ ఇంటి మనుషులే, ఆ ఇంటి పిల్లలే. మరోవైపు వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, లక్కలో పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి సహజ రంగులు కలిపి బొమ్మలకు పూస్తున్నారు. ఆ పద్ధతిని మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చింది మీ ప్రభుత్వమే. పురస్కారంతో పాటు ఆ రంగుల తయారీని మిగతా బొమ్మల ఊళ్లకు నేర్పించి, సహజ రంగు కుదరని చోట సీసం లేదని పరీక్షించిన పెయింటును సహకార సంఘం ద్వారా సబ్సిడీ మీద ఇప్పిస్తే మినహాయింపు అర్థవంతమవుతుంది. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది కదా. కళాకారులు కొనే చిన్న డబ్బాలకూ అది నిజంగా వర్తిస్తున్నదో లేదో దుకాణాల్లో నమూనాలు తీసి చూడమని నా మనవి.

ఇంకొక్క మాట. పసిబిడ్డ బొమ్మను మాత్రమే నోట్లో పెట్టుకోదు. రెయిన్‌కోటు అంచు, నేల మీది ప్లాస్టిక్ చాప, అక్క పెన్సిలు పెట్టె, అమ్మ గిల్టు గొలుసు ఏది దొరికితే అది చప్పరిస్తుంది. కొన్ని ఇళ్లలో పసికందు కళ్లకు సుర్మా పెడతారు. సీసపు ఖనిజాన్ని నూరి చేసిన సుర్మా ఇంకా అమ్ముడవుతూనే ఉంది. బొమ్మలకు పెట్టిన హద్దులు మూడేళ్లలోపు పిల్లల కోసం అమ్మే ప్రతి వస్తువుకూ వర్తించేలా ఉత్తర్వును విస్తరించడం, అంగన్‌వాడీలకు కొనే బొమ్మలకు ఐఎస్ఐ ముద్రనో పరీక్ష నివేదికనో టెండరు షరతుగా పెట్టించడం మీ చేతుల్లోని పనులే.

ఆ బాతుబొమ్మను నేను పారేయలేదు. మూత బిగించిన గాజు సీసాలో పెట్టి అల్మారా పైన ఉంచాను. దాన్ని పరీక్షకు ఎక్కడ ఇవ్వాలో చెప్పగలిగినవారు మా ఊళ్లో నాకు ఇంతవరకు తారసపడలేదు. తమరు చిరునామా తెలిపితే నా ఖర్చుతో పంపుతాను. అందులో ఏముందో తేలాక, ఆ ఫలితాన్ని అలాంటి బొమ్మ కొన్న మిగతా ఇళ్లకూ తెలిసేలా ప్రకటించండి.

భవదీయురాలు,
విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకురాలు,
విజయవాడ