మైకు మనది, చెవులు పక్కింటివి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ లేఖల పేజీలో ఒక తండ్రి రాసింది చదివాను. కూతురికి ఇంటర్ పరీక్షలట. తెల్లారగట్ల నాలుగున్నరకే చర్చి మైకు మొదలవుతుంటే పిల్ల చెవుల్లో దూది పెట్టుకుని చదువుతోందని రాశారు. ఏ చర్చో, ఏ ఊరో చెప్పలేదు. మూడు రోజులకు దానికి జవాబుగా మా వాళ్లే ఒకరు రాశారు. ఇది మా విశ్వాసం మీద దాడి అని, గుళ్ల మైకులు వీళ్లకు వినపడవా అని. ఆ రెండో ఉత్తరం చదివాక కుట్టు మిషను ఆపి ఇది రాయడానికి కూర్చున్నాను. నేను పుట్టుకతోనే క్రైస్తవురాలిని. మాది గుంటూరు, లూథరన్ సంఘం. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్స్ వేస్తాను. ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని.

ఊళ్లో అందరి చర్చిల సంగతీ నాకెందుకు, మా వీధి చర్చి సంగతి చెబుతాను. డాబా మీద రెండు హారన్లు ఉన్నాయి. ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి. పడమర హారను సూటిగా మా పక్కింటి వదినగారి పెద్దబ్బాయి పడుకునే గది కిటికీలోకి చూస్తుంటుంది. ఆ అబ్బాయి మిర్చి యార్డులో గుమస్తా. సీజన్‌లో రాత్రంతా లారీల్లోంచి టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, దిగుతూనే ఉంటాయి. లెక్కలు తేల్చుకుని ఇల్లు చేరేసరికి రెండున్నరో మూడో అవుతుంది. ఒళ్లంతా మిరప ఘాటుతో వస్తాడు కాబట్టి దొడ్లోనే స్నానం చేసి, ఇంత పెరుగన్నం తిని పడుకుంటాడు. నాలుగున్నరకి మా హారను లేస్తుంది. ముందు "హలో, మైక్ టెస్టింగ్", తర్వాత గొంతు సవరింపు, తర్వాత పాట. పాడేవాళ్లు మంచివాళ్లే, ఒకామె నాకు చెల్లెలి వరస కూడా. శ్రుతి సంగతి మాత్రం నన్నడగొద్దు.

దీనికి చట్టం లేకపోలేదు. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయటికి లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ఇళ్ల మధ్య పగలైతే 55 డెసిబుల్స్, రాత్రయితే 45 దాటకూడదు. అదే ఏడాది సుప్రీంకోర్టులో తేలింది కూడా చెన్నైలోని ఒక చర్చి కేసే. చర్చి గోల భరించలేక పక్క కాలనీ వాళ్లు హైకోర్టుకు వెళ్తే, చర్చి వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. పక్కవాళ్ల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పలేదని, మైకుల్లోనే చేయమనీ చెప్పలేదని కోర్టు తేల్చేసింది. మా సంఘ పెద్దల్లో ఇద్దరు రిటైరైన ప్రభుత్వోద్యోగులు. వాళ్లకు ఇవన్నీ తెలియవని నేననుకోను. అసలు కోర్టు దాకా ఎందుకు? గదిలోకి వెళ్లి తలుపేసుకుని ప్రార్థించమన్నది యేసుప్రభువే. మత్తయి సువార్త ఆరో అధ్యాయం. మా సండే స్కూలు పిల్లలను అడిగినా చెబుతారు.

నన్ను ఈ శబ్దం కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఒక మాట. శుక్రవారం ఉపవాస కూటానికి బయటి ఊళ్ల నుంచి బోధకులు వస్తారు. "అన్యులు" అనే మాట వాళ్ల నోట గంటలో ఇరవై సార్లయినా వస్తుంది. చిన్నప్పటి నుంచీ విని విని మాకు అది తిట్టులా అనిపించదు. బైబిల్లో ఉన్న మాటే కదా, క్రైస్తవులు కానివాళ్లని అర్థం, అంతే అనుకుంటాం. ఒక శుక్రవారం వదినగారు జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చారు. పాత జాకెట్టు బిగువైపోయింది, కొత్తగా కొలువు అన్నారు. ఆవిడ భుజం మీద టేపు పెట్టాను. పైనుంచి హారను వినిపిస్తోంది. అన్యుల ఆచారాలు, అన్యుల పండగలు, అన్యులతో సాంగత్యం. వదినగారు కాసేపు విని, "అన్యులంటే మేమేనా?" అని అడిగారు. గొంతులో కోపం లేదు. కరెంటు బిల్లు ఎంతొచ్చింది అని అడిగినట్టే అడిగారు. పద్నాలుగున్నర అని రాసుకోబోయి, ఏం చెప్పాలో తోచక, అదే భుజం మళ్లీ కొలిచాను.

ఆవిడ దగ్గర నాకు పాత బాకీ ఒకటుంది.

1998లో ఏదో కన్వెన్షన్‌కి వెళ్లి మూడు రాత్రులు ప్రసంగాలు విని వచ్చి కొత్త వేడి మీద ఉన్నాను. వినాయక చవితి వచ్చింది. అత్తగారు అప్పుడు మా ఆడపడుచు ఇంట్లో ఉన్నారు. వదినగారు ఒక స్టీలు గిన్నెలో ఉండ్రాళ్లు పెట్టి వాళ్ల పెద్దబ్బాయి చేత పంపించారు. వాడికి అప్పుడు ఏడేళ్లు. నవ్వుతూనే తీసుకున్నాను. "గిన్నె కడిగిస్తా, ఉండు నాన్నా" అని లోపలికి వెళ్లి, ఉండ్రాళ్లన్నీ చెత్తబుట్టలో వంపేశాను. విగ్రహాలకు పెట్టినవి తినకూడదు కదా అని. తిరిగి చూస్తే వాడు వంటింటి గడప దగ్గర ఉన్నాడు. నా మొహం వంక చూడటం లేదు. బుట్టలోకి చూస్తున్నాడు. బీరకాయ తొక్కు మీద తెల్లగా రెండు ఉండ్రాళ్లు, శనగపప్పు అంటుకుని ఉన్నాయి. గిన్నె కడిగిచ్చాను. తీసుకుని పరిగెత్తాడు.

వాడు ఇంట్లో ఏం చెప్పాడో నాకు తెలియదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. దసరాకి మాత్రం ఆ వరస ఇళ్ల నుంచి ఒక్క జాకెట్టు రాలేదు. అంతకు ముందు ఏడాది దసరాకి నలభై దాకా కుట్టాను, రాత్రి పన్నెండింటి దాకా కాజాలు కుడుతూ కూర్చునేదాన్ని. ఆ ఏడాది లైనింగ్ గుడ్డలు మడతల్లోనే ఉండిపోయాయి.

అత్తగారు తిరిగొచ్చాక సంగతి చెప్పాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను. ఆవిడ చేస్తున్న పని ఆపి, "అమ్మాయ్, అవి పూజకు పెట్టకముందు తీసినవి. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో నాకు అలాగే తీసి పెడుతున్నారు" అన్నారు. వదినగారి అత్తగారితో ఈవిడ ఎప్పుడో చెప్పుకున్నారట. అక్కా, దేవుడికి పెట్టినవి నేను తినను, నీకు కష్టం కాకపోతే ముందే నాలుగు తీసి పక్కన పెట్టు అని. ఆవిడ పోయినా కోడలు ఆ లెక్క తప్పలేదు. మా అత్తగారూ అంతే. క్రిస్మస్‌కి వాళ్లింటికి పంపే అరిసెలకు, కజ్జికాయలకు వేరే మూకుడు, వేరే నూనె. వాళ్లు గుడ్డు ముట్టరని కేకు పంపేవారు కాదు. ఈ ఏర్పాటు నాకు ఎవరూ చెప్పలేదని నా వాదన. నేను అడగలేదు, అది నిజం.

అత్తగారు నాలుగో తరగతి కూడా చదవలేదు. కుగ్లర్ ఆస్పత్రిలో ఆయాగా చేశారు. ఆ పేరు గుంటూరు వాళ్లకు కొత్త కాదు. అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1883లో ఇక్కడికి వచ్చారు. క్రైస్తవ మిషను వాళ్లు ఆవిడను పంపింది వైద్యం కోసం కాదు, ఘోషాలో ఉండే ఆడవాళ్ల మధ్య పని చేయమని పంపారు. మగ డాక్టరుకు చెయ్యి చూపించడానికి కూడా ఆడవాళ్లు ఒప్పుకోని రోజులవి. ఈవిడ వైద్యం మొదలుపెట్టి, 1898 నాటికి ఆస్పత్రి తెరిచి, 1930లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నారు. తన ఇంటివాళ్లకు ఆవిడ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజావారు ఆస్పత్రి దగ్గర సత్రం కట్టించారు, రోగుల వెంట వచ్చినవాళ్లు ఉండటానికి. అత్తగారు పనిలో చేరేసరికి ఇవన్నీ పాత కథలు. ఆవిడ చెప్పేవన్నీ మంచాల లెక్కలే. ఫలానా మంచం ఆవిడ ఉల్లి తినదు, ఫలానా మంచం ఆవిడ రోజా ఉంది. ప్రార్థన చేయనా అమ్మా అని అడిగి, సరేనంటేనే చేసేవారట, పక్క మంచానికి వినపడనంత మెల్లగా.

వదినగారిని క్షమాపణ అడగడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. క్రిస్మస్‌కి అరిసెల డబ్బా పట్టుకుని నేనే వెళ్లాను. ఆవిడ తీసుకున్నారు, మంచినీళ్లిచ్చారు, నేనున్నంతసేపూ డబ్బా మూత తీయలేదు. ఉగాదికి రెండు జాకెట్లు వచ్చాయి. తర్వాత మెల్లగా అన్నీ వచ్చాయి. ఆ పిల్లాడు మాత్రం మళ్లీ మా వంటింట్లోకి రాలేదు. ఇప్పుడు గేటు బయటి నుంచే "బాగున్నారా ఆంటీ" అంటాడు. మర్యాదలో లోటు లేదు. మా హారను నాలుగున్నరకి లేపుతున్నది ఆ పిల్లాడినే.

ఇక రెండో ఉత్తరం రాసిన సోదరుడికి. గుళ్ల మైకులు వినపడతాయి, బాగా వినపడతాయి. కార్తీక మాసంలో మా కిటికీలు మూసుకునే ఉంటాం. దాని గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం రాయండి, నేనూ సంతకం పెడతాను. వాళ్లు దించితేనే మేం దించుతాం అంటే ఈ వీధిలో ఎవరికీ నిద్ర ఉండదు. దాడి అన్నారు. ఇంట్లో నలుగురం కూర్చుని ప్రార్థన చేసుకుంటుంటే వచ్చి గొడవ చేసిన అనుభవం మా బంధువులకే ఉంది. ఆ రోజు మా చెల్లెలు పిల్లలను మంచం కిందకు పంపి తలుపు గడియ వేసింది. దాన్ని దాడి అంటారు. పరీక్షలు రాసే పిల్ల కోసం అడిగిన తండ్రిని కూడా ఆ లెక్కలో వేస్తే, నిజంగా తలుపు బాదిన రోజున మన మాట వినడానికి పక్కింటి నుంచి ఎవరొస్తారు? మా చెల్లెలి ఇంటికి ఆ రోజు వచ్చి గుమ్మంలో అడ్డం నిలబడింది ఎదురింటి కోమట్ల ముసలాయన.

పోయిన నెల పెద్దల మీటింగులో లేచి అడిగాను. హారన్లు దించి లోపల బాక్సులు పెట్టుకుందాం, ఆరు దాటాకే మొదలుపెడదాం అని. ఒకాయన "సువార్త అందరికీ చేరొద్దా" అన్నారు. నాలుగున్నరకి చేరేది సువార్త కాదు బాబాయ్ అన్నాను. కొంతమంది నవ్వారు, పాస్టరుగారు కూడా నవ్వారు. చివరికి రెండూ దించడానికి ఒప్పుకున్నారు. తూర్పు హారను మర్నాడే దించారు, అటువైపు ఖాళీ స్థలం. పడమరది ఇంకా అలాగే ఉంది. నిచ్చెన దొరకలేదంటున్నారు. నిచ్చెన వదినగారింట్లో ఉంది. అడిగితే ఇస్తారు.

ఇట్లు,
ఒక టైలరు, గుంటూరు