పెద్ద పుంజును ఉంచుకుంటే సరిపోదు

ఎడిటర్ గారికి,

కోళ్ల సైజు పెంచడం మీద మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. మందలో అన్నిటికన్నా పెద్ద పుంజును అమ్మకుండా ఉంచుకుని దానితోనే మంద నడిపితే నాలుగైదు తరాల్లో కోళ్లన్నీ పెద్దవైపోతాయని తేల్చేశారు. ఆలోచన తప్పు కాదు గానీ సగమే చెప్పారు, ఆ సగం నమ్ముకుని దిగితే మంద పాడవుతుంది.

అసలు పెద్దది అని ఎలా తేలుస్తారు? రెండేళ్ల పుంజు పక్కన ఎనిమిది నెలల పుంజు ఎలాగూ చిన్నగానే కనిపిస్తుంది. ఒకే రోజు పుట్టిన పిల్లల్ని ఒకే చోట, ఒకే మేత మీద పెంచి, ఎనిమిదో వారమో పన్నెండో వారమో ఒకటి ఖాయం చేసుకుని, పొద్దున్నే మేత వేయకముందు తూచాలి. కంటి అంచనా పనికిరాదు, ఈకలు గుబురుగా ఉన్న కోడి ఎప్పుడూ మోసం చేస్తుంది. కోడిని గుడ్డసంచిలో పెట్టి స్ప్రింగ్ త్రాసుకు తగిలిస్తే చాలు, కాలికి నంబరు రింగు, రాసుకోవడానికి ఒక నోట్‌బుక్కు. పుంజుల్ని పుంజులతోనే పోల్చాలి, పెట్టల్ని పెట్టలతోనే. ఈ పెట్టల మాటే వ్యాసంలో లేదు! పిల్లకు సగం తల్లి నుంచే కదా వచ్చేది, పెట్టల్ని ఏవో ఒకటిలే అని వదిలేస్తే రావాల్సిన మార్పులో సగం అక్కడే పోయినట్టు.

ఇంకోటి, తల్లిదండ్రులకున్న అదనపు బరువంతా పిల్లలకు దిగదు, సుమారుగా మూడో వంతు దిగుతుంది. ఎంచుకున్న పుంజులూ పెట్టలూ మంద సగటు కన్నా 300 గ్రాములు ఎక్కువుంటే, పిల్లల సగటు ఓ 100 గ్రాములు పెరుగుతుందని లెక్కేసుకోండి. మొదటి తరంలో పెద్దగా తేడా కనపడలేదని టెన్షన్ పడక్కర్లేదు.

ఓపిక పడితే ఎక్కడిదాకా వెళ్తుందో అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో చూశారు. అక్కడి పరిశోధకుడు పాల్ సీగెల్ 1957లో ఒకే మూల మందను రెండు వరసలుగా చేసి, ఒకవైపు ఎనిమిది వారాలకు బరువైనవాటినీ ఇంకోవైపు తేలికైనవాటినీ ఎంచుకుంటూ పోయారు, యాభై తరాలు దాటేసరికి రెండింటి మధ్య తేడా పది రెట్లకు మించింది. కెనడాలో అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 1957 నాటి జాతినీ 2005 నాటి బ్రాయిలర్‌నీ ఒకే మేత మీద పెంచితే, 56 రోజులకు మొదటిది 905 గ్రాములు, రెండోది 4.2 కిలోలు తూగింది. (బ్రాయిలర్లు హార్మోన్ ఇంజెక్షన్లతో పెరుగుతాయన్న కథలు ఇకనైనా ఆపితే బాగుంటుంది.)

కానీ వర్జీనియాలో తూచింది బరువునే అయినా మారింది ఆకలి కూడా. బరువైన వరసలోవి ఆపకుండా తింటాయి, వాటికి మేత కొలిచి పెట్టాల్సి వచ్చింది. తేలికైన వరసలో కొన్ని అసలు తినకుండానే చచ్చిపోయేవి. బ్రాయిలర్ పిల్లల్ని ఇచ్చే తల్లి కోళ్లకూ మేత కొలిచే పెడతారు, కడుపునిండా పెడితే కొవ్వెక్కి గుడ్లు సరిగా పెట్టవు. అందుకే బరువులో పైన నిలిచినవాటిని కాసేపు నడిపించి చూడాలి, కాళ్లు వంకరగా ఉన్నా, నాలుగడుగులు వేసి కూలబడినా, ఎంత తూగినా సరే తీసేయాలి. పెట్టలకు గుడ్ల లెక్కా, పొదిగితే ఎన్ని పిల్లలయ్యాయన్న లెక్కా రాసుకోవాలి, ఎందుకంటే బరువు పెరిగే కొద్దీ గుడ్లు తగ్గడం మామూలు.

ఇక ఒక్క పుంజుతో మంద నడపమన్న సలహా అన్నిటికన్నా ప్రమాదం. తర్వాతి తరంలో పిల్లలన్నీ ఒకే తండ్రివి, ఆ పైన తోబుట్టువులే జతకడతాయి, పొదిగిన గుడ్లలో పిల్లలయ్యేవి తగ్గుతాయి, పుట్టినవీ బలహీనంగా ఉంటాయి. కనీసం ఐదారు పుంజులు, వేర్వేరు పెట్టల పిల్లలు, ఉంచుకోవాలి. ఆ ఒక్క వాక్యానికైనా రేపటి పేపర్లో సవరణ వేయండి.

ఇట్లు,
ఒక కోళ్ల పెంపకందారు